డప్పు గళ్ళలో ఇమడదు

నర్సింహులపేటలో మెయిన్ రోడ్డు నుంచి సందులోకి తిరిగి మేడ మెట్లెక్కితే, పదడుగుల గదిలో తేలతారు. గోడలకు పాత దుప్పట్లు కొట్టి ఉన్నాయి. రికార్డింగ్ నడుస్తున్నంతసేపు ఫ్యాను తిరగొద్దు కాబట్టి ఉక్కపోత. బతుకమ్మకు ఇంకా నెల ఉంది. కానీ పాట ఇప్పుడే కావాలి: వీడియో తీయాలి, కట్ చేయాలి, పండుగకు ముందే యూట్యూబ్‌లో పడాలి.

కింద వాకిట్లో గడ్డిమంట మీద డప్పు కాపుతున్నారు. వేలితో తట్టి చూడటం, మళ్ళీ మంటకు చూపడం. తోలు బిగిసి ఖంగుమనేదాకా పైకి రారు.

ఈలోపు స్టూడియో అన్న ల్యాప్‌టాప్ మీ వైపు తిప్పుతాడు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో ఇవాళ తేల్చాలి. మాక్ లేదు గనుక లాజిక్ మాటే లేదు. మిగిలినవి రెండు.

మొదట ఎఫ్‌ఎల్ స్టూడియో. 1997లో బెల్జియంలో ఫ్రూటీలూప్స్ పేరుతో పుట్టింది. తెరవంగనే పదహారు గళ్ళ వరస, నాలుగేసి గళ్ళకు రంగు మారుతూ. కిక్ ఒకచోట, చప్పట్లు ఒకచోట నొక్కితే నిమిషంలో బీటు తయారు. బరాత్ పాటలు రీమిక్స్ చేసే పిల్లలకు దీని మీద మోజు ఊరికే రాలేదు. ఒక్కసారి కొంటే తర్వాత వచ్చే వెర్షన్లన్నీ ఉచితం కూడా. ట్రయల్‌లో మాత్రం పని సేవ్ అవుతుంది గానీ, కొనేదాకా మళ్ళీ తెరుచుకోదు. పరీక్షించాలంటే ఒకే విడతలో కూర్చుని పాట ముగించాలి.

తీన్మార్ నడక మూడేసి. దానికీ దారుంది, 2018లో వచ్చిన ఎఫ్‌ఎల్ 20 నుంచి టైమ్ సిగ్నేచర్ 6/8కి మార్చుకోవచ్చు. అన్న మార్చి చూపిస్తాడు. గళ్ళు పన్నెండయ్యాయి. బాగానే ఉంది.

డప్పు పైకొచ్చింది. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. చిర్ర దెబ్బ తెర మీది గళ్ళ గీత మీదనే పడుతోంది. సిటికెన పుల్ల మాత్రం వెంట్రుకవాసి ముందు. ఆ ముందుపాటులోనే ఊపంతా ఉంది. దాన్ని గీత మీదికి జరిపితే మిగిలేది మిషన్ మోత. పాడే అక్క హెడ్‌ఫోన్ పెట్టుకుంది, అందులో తాళానికి క్లిక్ మోగుతోంది. రెండో చరణంకల్లా ఆమె క్లిక్‌ను దాటి ముందుకు పోయింది.

“ఈ టిక్కుటిక్కు చెవుల పోరు వెడ్తున్నది, తీసెయ్యన్నా.”

“తీస్తున్న అక్కా, జెరాగు.”

రెండోది రీపర్ తెరుస్తాడు. దీన్ని మొదలుపెట్టిన జస్టిన్ ఫ్రాంకెలే ఒకప్పుడు విన్‌యాంప్ రాశాడు. నెట్ సెంటర్లలో పాటలు విన్న తరానికి ఆయన పేరు తెలియకున్నా ఆయన పని తెలుసు. అరవై రోజులు ఏ కోతా లేకుండా వాడుకోవచ్చు. ఆ తర్వాత మామూలు మనిషికి లైసెన్సు 60 డాలర్లు. తెరిస్తే గళ్ళు కనబడవు, ఖాళీ ట్రాకులే. కొత్తవాడికి నిజంగానే బిక్కుబిక్కుమంటుంది. బీటు వేసుకునే పిల్లాడికైతే నేను దీన్ని చెప్పను.

క్లిక్ ఆగింది. గొంతుకో ట్రాకు, డప్పుకో ట్రాకు, ఎర్ర బటన్. తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తోందని అక్క మొహం చిట్లిస్తుంది. అన్న బఫర్ 512 శాంపిళ్ళ నుంచి 128కి దించుతాడు. 44,100 శాంపిల్ రేటు దగ్గర అంటే దాదాపు పన్నెండు మిల్లీసెకన్ల నుంచి మూడుకు. ఆమె భుజాలు సడలడం మీకు కనిపిస్తుంది. ఈసారి పాట పరుగెత్తింది, డప్పూ దాని వెంటే. పల్లవి మళ్ళీ మళ్ళీ పాడిస్తే టేకులు ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి. ఈ మాట ఇందులోంచి, ఆ విరుపు అందులోంచి ఏరుకోవడమే.

ఏది గొప్ప సాఫ్ట్‌వేర్ అనే వాదన ఈ గదిలో పనికిరాదు. ఇక్కడ పాట మనుషులతో మొదలవుతుంది, బీటుతో కాదు. అన్న రీపరే ఖాయం చేశాడు.

రీమిక్స్ కోసం ట్రాకులన్నీ సున్నా నుంచి మొదలయ్యేలా విడివిడి వేవ్ ఫైళ్ళుగా తీసి తొర్రూరు డీజేకు పంపుతాడు. అతనిది ఎఫ్‌ఎలే. కాసేపటికి ఫోను.

“బీపీఎం ఎంతన్నా?”

“మొదట్ల నూట పద్దెనిమిది. ఆఖర్ల నూట ఇరవై నాలుగు.”

“గట్లెట్లుంటదే?”

“అక్కనడుగు!”