బోళం పెద్దరికం

మూలికల కొట్టుకి వెళ్ళి బాలింత బోళం అడగండి. ఎర్రమట్టి బెడ్డల్లాంటి ముక్కలు పొట్లం కట్టి ఇస్తాడు. పేరు చూస్తే మన పురిటిగదిలోనే పుట్టిందనిపిస్తుంది గానీ, ఇది మన దేశపు సరుకు కాదు సుమండీ! సోమాలియా, ఇథియోపియా, యెమెన్‌ల ఎండు నేలల్లో పెరిగే ఓ ముళ్ళచెట్టుకి గాటు పెడితే కారి గడ్డకట్టే బంక అది. అరబ్బులు దాన్ని 'ముర్' అంటారు. అంటే చేదు. బాలయేసుకి తూర్పుదేశపు జ్ఞానులు తెచ్చిన కానుకల్లో బంగారం, సాంబ్రాణి పక్కన ఉన్నది ఈ బోళమే.

ఈ చేదు కోసం పెద్దపెద్దవాళ్ళే అవస్థ పడ్డారు. సుమారు 3,500 ఏళ్ళ కిందట ఈజిప్టును ఏలిన హత్షెప్సుత్ రాణి పుంట్ దేశానికి ఓడలు పంపింది. బోళంతో పాటు, పరిమళపు చెట్లనే వేళ్ళతో సహా బుట్టల్లో పెట్టించి తెప్పించింది. దెయిర్ ఎల్ బహరీలోని ఆవిడ ఆలయం గోడల మీద ఆ బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. రాణి అయితే మాత్రం ఇల్లాలి బుద్ధి ఎక్కడికి పోతుంది? మాటిమాటికీ కొనేకంటే పెరట్లో నాలుగు చెట్లుంటే మేలనుకుంది కాబోలు!

శవాన్ని భద్రపరిచేటప్పుడు ఈజిప్టువాళ్ళు కడుపులో దంచిన బోళం నింపేవారని హెరోడోటస్ రాశాడు. శిలువ వేసేముందు యేసుకి బోళం కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోయారనీ, ఆయన పుచ్చుకోలేదనీ మార్కు సువార్త చెబుతుంది. నొప్పి తెలియకుండా ఉండటానికే ఇచ్చేవారేమో! 1996లో ఇటలీలోని ఫ్లోరెన్స్ శాస్త్రజ్ఞులు, బోళంలోని కొన్ని పదార్థాలు ఎలుకల్లో నొప్పిని తగ్గించాయని చూపించారు. పెద్దల మాట మరీ ఉత్తిది కాదన్నమాట.

అయితే, ఈ చరిత్రనంతా చిన్న సీసాలో అమ్మే బోళం నూనెకి అంటగడితేనే నాకు పేచీ. ఆ కాలంవాళ్ళు వాడింది బంకని. దాన్ని కొవ్వులోనో నూనెలోనో నానబెట్టేవారు. బంకకి ఆవిరి పట్టి నూనె దించడం తర్వాతి కాలపు విద్య. 100 గ్రాముల బంకకి దిగే నూనె సాధారణంగా 10 గ్రాముల లోపే. అంత ఘాటైన సరుకన్నమాట!

చరిత్ర వేరు, పరీక్ష వేరు. ఆ ఈజిప్టులోనే, నత్తల ద్వారా వ్యాపించే ఒక పురుగుల జబ్బుకి బోళంతో మందు చేసి అమ్మారు. 2005లో వచ్చిన ఓ పరిశోధనలో అది నయం చేసింది బహు కొద్దిమందినే. మామూలుగా వాడే ప్రాజిక్వాంటెల్ ముందు నిలవలేకపోయింది.

అందుకని, బోళం నూనెని నోట్లో పోసుకోవద్దు. నీళ్ళోసుకున్న ఆడవాళ్ళు, అదే కడుపుతో ఉన్నవాళ్ళు, అసలే ముట్టొద్దు. గర్భసంచిని కదిలిస్తుందని దానికి పేరు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మింగేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా బోళం జోలికి పోవద్దు. ఆ మందు పనిని అది తగ్గించవచ్చు. చర్మానికి ఉత్త నూనె రాస్తే కొందరికి దద్దుర్లు వస్తాయి.

పేరులో బాలింత ఉంది కదా అని సీసాలోది బాలింతకి పట్టకండి. అమ్మమ్మ మంచితనం చూసి మనవరాలికి మార్కులు వెయ్యలేం కదా!