బండికి బండిని తగిలించే కొక్కెం: దాని చరిత్ర, దాని లెక్క



ఈమధ్య మన సభ్యుల ఇండ్లలో కొత్త ఎస్‌యూవీలు చాలా వచ్చాయి. సంతోషం. వాటి వెనకాల ఒక కొక్కెం బిగించి చిన్న ట్రైలర్ తగిలించుకుంటే, వార్షికోత్సవానికి అండాలు, గుండిగలు, కుర్చీలు, షామియానా మనమే తెచ్చుకోవచ్చు గదా అని కొందరు అడుగుతున్నారు. ఏ కొక్కెం కొనాలి, ఎక్కడ బిగించాలి అనేది ఈ వ్యాసం చివర్లో రాశాం. ముందుగా ఆ కొక్కెం చరిత్ర చదవండి. అది మన ఇండ్ల చరిత్ర కూడా.

అరక్కోణం, జోలార్‌పేట, పెరంబూరు, హుబ్లీ, ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళలో మన తెలుగు ఇండ్లు తరాలుగా ఉన్నాయి. ఖరగ్‌పూర్ సంగతి అందరికీ తెలిసిందే. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ వర్క్‌షాప్ పెట్టినప్పటి నుంచి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు వెళ్ళి స్థిరపడ్డారు. ఈ ఊళ్ళలో మన తాతలు కళాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా, పోర్టర్లుగా, పాయింట్స్‌మన్‌లుగా పని చేశారు. బండికి బండిని తగిలించడం వాళ్ళ రోజువారీ పని. ఇంజను బలం గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. కొక్కెం గురించి ఎవరూ మాట్లాడరు. కానీ యార్డుల్లో ఎక్కువ వేళ్ళు, ఎక్కువ ప్రాణాలు పోయిన తావుల్లో ఆ కొక్కెం తావు ఒకటి.

ఎద్దుల బండి కాలంలో ఈ కష్టం లేదు. కాడిని నొగకు తాడుతో కట్టేవాళ్ళు. తాడు గట్టిగా పట్టుకుంటుంది, మలుపులో కొంచెం వదులు కూడా ఇస్తుంది. ఏ కొక్కేనికైనా ఈ రెండు గుణాలూ కావాలి: లాగినప్పుడు ఊడకూడదు, తిరిగినప్పుడు విరగకూడదు. పది బండ్లు వరసగా పోయినా ఏ బండి ఎద్దులు ఆ బండికే ఉండేవి కాబట్టి, బండికి బండిని కట్టే అవసరం రాలేదు. చిన్న ఇనప ముక్క విలువ మాత్రం మన పాతవాళ్ళకు బాగా తెలుసు. మాలాగా అరవ బడిలో చదువుకున్నవాళ్ళకు తిరుక్కురళ్‌లోని అచ్చాణి పోలిక గుర్తుండే ఉంటుంది.

ఒక్క ఇంజను వెనకాల ఎన్నో పెట్టెలు అనే ఏర్పాటు రైలుతో వచ్చింది. 1830లో ఇంగ్లండులో లివర్‌పూల్, మాంచెస్టర్ మధ్య రైలు మార్గం తెరిచినప్పుడు పెట్టెకూ పెట్టెకూ మధ్య ఉన్నది గొలుసు. ఇంజను కదిలితే గొలుసు ఒక్కసారిగా బిగిసి ప్రయాణికులు వెనక్కి పడేవాళ్ళు. ఆగితే పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునేవి. ఆ కంపెనీలోనే పని చేసిన హెన్రీ బూత్ 1836లో స్క్రూ కప్లింగ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. రెండు కొక్కేల మధ్య మరచుట్లున్న కడ్డీ పెట్టి, దాన్ని తిప్పి బిగిస్తే పెట్టెలు దగ్గరకు వస్తాయి. పెట్టె రెండు పక్కలా స్ప్రింగులున్న బఫర్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి. కుదుపు తగ్గుతుంది. ఆయన ఇంజనీరు కాదు, కంపెనీ లెక్కలూ ఉత్తరాలూ చూసిన మనిషి. మా గుమాస్తాల వర్గానికి ఇది చెప్పుకోదగ్గ మాటే.

మన దేశానికి 1853లో బొంబాయి, ఠాణా మధ్య రైలు వచ్చింది. దక్షిణాదిలో 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా మొదటి రైలు నడిచింది. పెద్ద గేజి రైళ్ళతో పాటు స్క్రూ కప్లింగ్, పక్క బఫర్లు కూడా వచ్చాయి. మీటరు గేజి మీద పద్ధతి వేరు. అక్కడ పక్క బఫర్లు లేవు, నడి మధ్యలో ఒకే బఫర్, దానితోనే కొక్కెం. తిరుచ్చి వైపు పని చేసిన కుటుంబాలవాళ్ళు దాన్ని చూసే ఉంటారు.

స్క్రూ కప్లింగ్ ప్రయాణికుడికి సుఖం. దాన్ని తగిలించేవాడికి కాదు. ఆ పని ఎట్లా జరుగుతుందో రైల్వే కుటుంబాలవాళ్ళకు తెలుసు, మిగతావాళ్ళ కోసం రాస్తున్నాం. పాయింట్స్‌మన్ బఫర్ల కింద వంగి రెండు పెట్టెల నడుమకు పోవాలి. అక్కడ నిలబడి ఆ బరువైన ఇనప కప్లింగ్‌ను రెండు చేతులా ఎత్తి అవతలి కొక్కెంలో వేయాలి. తర్వాత మరను తిప్పి బిగించాలి. బ్రేకు గొట్టాలు కలపాలి. మళ్ళీ వంగి బయటకు రావాలి. వానలో, రాత్రి లాంతరు వెలుతురులో కూడా ఇదే పని. ఇంజను పూర్తిగా ఆగిన తర్వాతే లోపలికి పోవాలని నియమం. కానీ ఇంజను ఒక్క అడుగు వెనక్కి వస్తే చాలు, డ్రైవరుకు ఒక్క సైగ తప్పుగా కనిపిస్తే చాలు. రెండు బఫర్ల మధ్య మనిషికి తావు ఉండదు.

ఇదే కష్టం అమెరికాలో ఇంకా ఎక్కువగా ఉండేది. అక్కడి గూడ్సు బండ్లకు ఒక ఇనప లంకె, దానిలోకి దించే ఒక చీల. పెట్టె కదిలి వస్తుండగా లంకెను చేత్తో పట్టుకుని అవతలి గూటిలోకి దారి చూపించి, వెంటనే చీల వదలాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్ళు పోతాయి. వర్జీనియాకు చెందిన ఈలై జానీ ఒక దుకాణంలో గుమాస్తా. ఆయన 1873లో కొత్త రకం కప్లర్‌కు పేటెంట్ పొందాడు. మీ రెండు చేతుల వేళ్ళు ముడిచి ఒకదానితో ఒకటి పెనవేసి లాగి చూడండి, అదే దాని రూపం. పెట్టె వచ్చి తగిలితే తనంతట తాను పట్టుకుంటుంది. విడదీయాలంటే పక్కన నిలబడి ఒక కడ్డీ ఎత్తితే చాలు. మనిషి నడుమకు పోనక్కర లేదు.

దారి దొరికింది గానీ కంపెనీలు వెంటనే మారలేదు. లక్షల వ్యాగన్లకు కొత్త కప్లర్ వేయాలంటే డబ్బు ఖర్చు, వేలు పోయినవాడి చోట ఇంకొకణ్ణి పెట్టుకోవడం చవక. అయోవా రాష్ట్రపు రైతు లొరెంజో కాఫిన్ ఈ పనివాళ్ళ తరఫున ఏళ్ళ తరబడి సభల్లో మాట్లాడాడు, ఉత్తరాలు రాశాడు. 1887లో ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ ఏర్పడి, రైళ్ళ మీద ఎంతమంది చనిపోయారు, ఎంతమంది గాయపడ్డారు అనే లెక్కలు అచ్చు వేయడం మొదలుపెట్టింది. అంకెలు అందరి కళ్ళ ముందుకు వచ్చాక తప్పించుకోవడం కష్టమైంది. 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సేఫ్టీ అప్లయన్స్ చట్టం మీద సంతకం పెట్టాడు. గడువు పొడిగిస్తూ పోయి, చివరికి 1900లో అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. కప్లింగ్ దగ్గరి ప్రమాదాలు బాగా తగ్గాయి.

ఇక్కడ మా గుమాస్తాల మాట ఒకటి చెప్పాలి. మన దేశంలో 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది. దాని వెనక ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో ఇంత శాతం నష్టం, చూపుడువేలు పోతే ఇంత శాతం, చెయ్యి పోతే ఇంత శాతం అని వరసగా రాసి ఉంటుంది. మొదటిసారి చదివితే మనసు చివుక్కుమంటుంది. మనిషి వేలికి శాతమా అనిపిస్తుంది. కానీ ఆ పట్టిక రాకముందు కూలివాడి వేలికి లెక్క అంటూ లేదు. రిజిస్టరులో ఎక్కనిది పై ఆఫీసుకు తెలియదు, పై ఆఫీసుకు తెలియనిది మారదు. ఎక్కడైనా ఇనుము మారిందంటే దానికి ముందు ఒక కాగితం మీద ఎవరో అంకె వేసి ఉంటారు.

మన దగ్గర మార్పు మెల్లగా వచ్చింది. ముందు గూడ్సు వ్యాగన్లకు నడిమి కప్లర్ వచ్చింది. రైల్వే భాషలో దాన్ని సీబీసీ అంటారు. 1960ల నుంచి వచ్చిన బాక్స్ వ్యాగన్లు దీనితోనే నడిచాయి. ప్రయాణికుల పెట్టెలకు మాత్రం పాత స్క్రూ కప్లింగే కొనసాగింది. అందుకని చాలా ఇంజన్లకు రెండు ఏర్పాట్లూ ఉండేవి. నడుమ సీబీసీ, దానికి వేలాడే స్క్రూ కప్లింగ్, పక్కన బఫర్లు. పాత పెట్టె వచ్చినా కొత్త వ్యాగన్ వచ్చినా తగిలించుకోవాలి గదా. అరవ దేశంలో ఉండే తెలుగువాళ్ళం మనం కూడా ఇట్లాంటివాళ్ళమే, ఇంట్లో ఒక కొక్కెం, బజారులో ఒక కొక్కెం.

1955లో పెరంబూరులో ఐసీఎఫ్ మొదలైంది. అక్కడ తయారైన పెట్టెలు దేశమంతా నడిచాయి, మన కుటుంబాలవాళ్ళు ఎంతోమంది అందులో పని చేశారు. ఆ పెట్టెలు మంచివే. కానీ స్క్రూ కప్లింగ్‌కు ఒక లోపం ఉంది. గట్టి ప్రమాదం జరిగితే ఒక పెట్టె ఇంకొకదాని మీదికి ఎక్కుతుంది. జర్మనీ పద్ధతి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు 2000 ప్రాంతంలో మన పట్టాల మీదికి వచ్చాయి. వాటికి ఉన్నది బిగువైన నడిమి కప్లర్. అది పెట్టెను పెట్టె మీదికి ఎక్కకుండా పట్టుకుంటుంది. 2018 జనవరిలో ఐసీఎఫ్ తన పాత రకం పెట్టెల తయారీ ఆపి ఎల్‌హెచ్‌బీకి మారింది.

అంటే బూత్ పేటెంట్ నుంచి లెక్కేస్తే ఒక కొక్కెం మారడానికి 180 ఏళ్ళు పైగా పట్టింది. అంతటితో ప్రమాదం పోయిందా అంటే పోలేదు. 2024 నవంబరులో బిహార్‌లోని బరౌనీ జంక్షన్‌లో కప్లింగ్ విడదీస్తుండగా ఇంజనుకూ పెట్టెకూ మధ్య నలిగి ఒక రైల్వే పనివాడు చనిపోయాడు. కొత్త కప్లర్ వచ్చినా మనిషి నడుమకు పోయే అవసరం పూర్తిగా తీరలేదు.

ఇప్పుడు ఎస్‌యూవీ సంగతి. పై చరిత్రలో ఉన్నదంతా మీ కారు వెనకాల చిన్న రూపంలో ఉంటుంది.

మొదటిది, బండి పుస్తకం. ఎంత బరువు లాగవచ్చో తయారీదారు రాసి ఉంటే ఆ అంకె దాటకూడదు. రాయకపోతే కంపెనీని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. "ఎంతైనా లాగుతుంది సార్" అనే దుకాణదారు మాట లెక్కలోకి రాదు. కొక్కేనికీ, ట్రైలర్‌కూ, కారుకూ వేరువేరు హద్దులు ఉంటాయి. మూడింటిలో చిన్న అంకె ఏదో అదే మీ హద్దు.

రెండోది, బిగించే తావు. కొక్కెం ఛాసిస్‌కు బిగించాలి, బంపరుకు కాదు. స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి వాటికి కింద నిచ్చెన లాంటి ఫ్రేము ఉంటుంది. చాలా కొత్త ఎస్‌యూవీలకు అది లేదు, ఒళ్ళంతా ఒకే డబ్బా. వాటికి ఆ మోడల్ కోసమే చేసిన టో బార్ కావాలి. పంక్చరు పనిముట్లతో ఇచ్చే మర కొక్కెం బండి చెడిపోతే లాక్కుపోవడానికి, ట్రైలర్‌కు కాదు.

మూడోది, గుండు కొలత. అంతర్జాతీయ కొలత 50 మిల్లీమీటర్లు. అమెరికా రకం రెండు అంగుళాల గుండు 50.8. కంటికి రెండూ ఒకటే. కానీ దీని గుండు దాని గిన్నెలో వేస్తే వదులవుతుంది, లేదా బిగిసిపోతుంది. గుండూ గిన్నే ఒకే కొలతవి కొనండి.

నాలుగోది, రక్షణ గొలుసు. పాత ఇంగ్లండు పెట్టెలకు నడిమి కప్లింగ్ తెగితే పట్టుకోవడానికి పక్కన రెండు గొలుసులు ఉండేవి. ట్రైలర్‌కు కూడా రెండు గొలుసులు కొక్కెం కింద ఒకదానికొకటి అడ్డంగా వేయాలి. లైట్ల వైరు తగిలించి బ్రేకు దీపం, సైడు దీపం వెలుగుతున్నాయా చూడాలి.

ఐదోది, సరుకు పేర్చడం. బరువు వెనక్కి పేరిస్తే ట్రైలర్ తోక ఆడించినట్టు ఊగి కారును కూడా లాగేస్తుంది. మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద పడేట్టు ముందుకు పేర్చండి. కారు పుస్తకంలో దీనికి హద్దు రాసి ఉంటే దాన్నే పాటించండి.

ఆరోది, కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అనే మాటలోకి ట్రైలర్ కూడా వస్తుంది. దానికి ఇంజను లేకపోయినా రిజిస్ట్రేషన్ కావాలి. కారులో మార్పులకు కూడా ఆ చట్టంలో నియమాలు ఉన్నాయి. కొనకముందే ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో అడగండి.

చివరిది, అన్నిటికన్నా పెద్దది. కారును వెనక్కి తెచ్చి ట్రైలర్‌కు తగిలించేటప్పుడు రెంటి మధ్య ఎవరూ నిలబడకూడదు. సైగ చేసేవాడు డ్రైవరుకు అద్దంలో కనబడేట్టు పక్కన నిలబడాలి. బండి పూర్తిగా ఆగి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను ఆపిన తర్వాతే మనిషి నడుమకు పోవాలి. పిల్లలు వాకిట్లో ఉంటే ముందు ఇంట్లోకి పంపండి. ఈ నియమం ఏ దుకాణంలోనూ అమ్మరు. దీనికి ధర మన పాయింట్స్‌మన్‌లు, వాళ్ళలాంటి ఎందరో దేశదేశాల పనివాళ్ళు వేళ్ళతో, ప్రాణాలతో ఎప్పుడో కట్టేశారు.

సభ్యులకు ఒక మనవి. కొక్కేన్ని తెలుగులో కొంకి అని కూడా అంటాం, అరవంలో కొక్కి అంటారు. మీ తాతలు, నాన్నలు యార్డులో కప్లింగ్‌నూ, బఫర్‌నూ, షంటింగ్ సైగలనూ ఏ పేర్లతో పిలిచేవాళ్ళో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసి పంపండి. ఏ ఊరు, ఏ పని, ఏ మాట అనేది ఒక్కో వాక్యంలో రాసినా చాలు. అన్నీ కలిపి సంఘం నోటు పుస్తకంలో వరసగా ఎక్కిస్తాం. ఆ పని మాకు బాగా అలవాటే.