బోర్లించిన కుండ మీద బాలుడు

ఏలూరు ప్రాంతంలో పుట్టిన జాఫర్ షరీఫ్ దక్షిణాది ముస్లింల ఆచారాలన్నిటినీ దఖనీ ఉర్దూలో రాసిపెట్టాడు. మద్రాసు కొలువులోని వైద్యుడు హెర్‌క్లాట్స్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1832లో 'కానూనె ఇస్లాం' పేరుతో అచ్చువేయించాడు. సుంతీ ఎలా జరిగేదో అందులో కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పిల్లవాడికి కొత్త బట్టలు తొడిగి, పూలతో అలంకరించి, బోర్లించిన పెద్ద కొత్తకుండ మీద కూర్చోబెట్టేవారు. ముందుగా మత్తునిచ్చే మాజూన్ తినిపించేవారు. నలుగురూ పట్టుకుంటే మంగలి పదునైన కత్తితో పని ముగించేవాడు. మాజూన్ మాట రాయడం చిన్న విషయం కాదు. పిల్లవాడి బాధ ఆనాటి పెద్దలకూ పట్టిందన్నమాట.

పాలకొల్లు, నరసాపురం వైపు ముస్లిం ఇళ్లలో సుంతీని ఒడుగులు అంటారు. చుట్టాలు, కొత్త బట్టలు, విందు ఇప్పటికీ ఉన్నాయి. కత్తి మాత్రం చాలాచోట్ల మంగలి చేతి నుంచి డాక్టరు చేతికి మారింది. ఈ మార్పు మంచిదే.

ఖురాన్‌లో సుంతీ ప్రస్తావన లేదు. దానికి ఆధారం ప్రవక్త మాటలు, చేతలు చెప్పే హదీసులు. ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో షాఫీలు దీన్ని తప్పనిసరి అంటారు, మన ప్రాంతంలో ఎక్కువగా ఉన్న హనఫీలు సున్నత్, అంటే ప్రవక్త ఆచారం, అంటారు. అసలు ఈ ఆచారం ఇస్లాం కంటే, యూదుమతం కంటే కూడా పాతది. ఈజిప్టులో సక్కారా దగ్గర అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద ఇది చెక్కి ఉంది. ఆ శిల్పం వయసు 4,000 ఏళ్లకు పైమాటే.

యూదులు ఎనిమిదో రోజునే చేస్తారు. యేసుకూ ఆ రోజునే జరిగిందని లూకా సువార్త చెబుతుంది. అయినా యూదులు కాని విశ్వాసులకు అక్కర్లేదని క్రీ.శ. 50 ప్రాంతంలో యెరూషలేములోని క్రైస్తవ సంఘ పెద్దలు తేల్చారు. అందుకే గోదావరి డెల్టా క్రైస్తవులకు సున్నతి బైబిల్లో చదివే మాటే తప్ప ఇంట్లో జరిగే వేడుక కాదు. ఇథియోపియా క్రైస్తవులు మాత్రం నేటికీ చేస్తారు. ఫిలిప్పీన్స్‌లో కాథలిక్కుల పిల్లలకు వేసవి సెలవుల్లో 'తూలి' పేరుతో సుంతీ జరుగుతుంది. చేయించుకోనివాణ్ణి తోటివాళ్లు ఆటపట్టిస్తారు.

హిందువులలో లేనేలేదనుకోవడమూ పొరపాటే. మైసూరు సీమలోని మ్యాస బేడరులు, అంటే బోయల్లో ఒక శాఖవాళ్లు, పది పన్నెండేళ్ల మగపిల్లలకు సుంతీ చేసేవారని దక్షిణాది కులాల గురించి రాసిన థర్‌స్టన్ 1909లో నమోదు చేశాడు.

దక్షిణాఫ్రికాలోని ఖోసా జాతివాళ్లకు ఇది మగతనపు దీక్ష. నెల్సన్ మండేలా 16 ఏళ్ల వయసులో ఈ దీక్ష పొందాడు. కొండల్లో, గుడిసెల్లో, శిక్షణ లేని చేతుల్లో ఏటా కుర్రాళ్లు చనిపోతూనే ఉన్నారు. ఇలాంటి దీక్షలను అదుపు చేయడానికి 2021లో అక్కడ చట్టం చేశారు. పొరుగునే ఉన్న జులూల్లో రాజు షాకా 19వ శతాబ్దపు తొలినాళ్లలోనే ఈ ఆచారాన్ని మాన్పించాడు. 2009లో జులూ రాజు గుడ్‌విల్ జ్వెలితినీ మళ్లీ మొదలుపెట్టమన్నాడు. ఎయిడ్స్ భయమే అందుకు కారణం. సుంతీతో స్త్రీల నుంచి పురుషులకు హెచ్‌ఐవీ సోకే ముప్పు సుమారు 60 శాతం తగ్గుతుందని అంతకు రెండేళ్ల ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మతంతో పనిలేకుండా వైద్యమే దీన్ని పెంచిన దేశం అమెరికా. 1870లో న్యూయార్క్ వైద్యుడు లూయిస్ సేయర్ దీన్ని పక్షవాతానికి చికిత్సగా ప్రచారం చేశాడు. ఆ వాదన వీగిపోయినా అలవాటు నిలిచింది. కొరియా యుద్ధం తర్వాత అమెరికా ప్రభావంతో దక్షిణ కొరియాకూ పాకింది. బ్రిటన్‌లో మాత్రం వైద్యుడు గెయిర్డ్‌నర్ 1949లో దీని అవసరాన్ని ప్రశ్నిస్తూ రాసిన వ్యాసం తర్వాత బాగా తగ్గింది.

అమెరికాలో కాన్పు జరిగిన తెలుగు దంపతులను కూడా ఆసుపత్రివాళ్లు బాబుకి సుంతీ చేయించాలా అని అడుగుతారు. ప్రయోజనాలు ముప్పుకంటే ఎక్కువేనని, అయినా అందరికీ చేయాలనేంత ఎక్కువ కావని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2012లో చెప్పింది. నిర్ణయం తల్లిదండ్రులకే వదిలింది. చేస్తే మాత్రం నొప్పి తెలియకుండా మందు ఇవ్వాలంది.