సమన్వయ, కర్బన లోహ రసాయన శాస్త్రాల్లో పీహెచ్‌డీ: జూలూరుపాడు నుంచి అవకాశాలు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని జూలూరుపాడు మండలం 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇక్కడి డిగ్రీ విద్యార్థులు ఎక్కువగా 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో చదువుకుంటారు. సమన్వయ, కర్బన లోహ రసాయన శాస్త్రాల్లో పరిశోధన చేయాలంటే మాత్రం వరంగల్‌కో హైదరాబాద్‌కో వెళ్లక తప్పదు.

లోహ అయాన్ చుట్టూ ఎలక్ట్రాన్ జంటలను ఇచ్చే లైగాండ్లు చేరితే సమన్వయ సమ్మేళనం ఏర్పడుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్, ఆకుల్లోని పత్రహరితం, క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ ఈ కోవలోవే. లోహానికీ కార్బన్‌కూ నేరుగా బంధం ఉంటే అది కర్బన లోహ సమ్మేళనం. 1951లో వెలుగు చూసిన ఫెర్రోసీన్‌తో ఈ శాఖకు ఊపు వచ్చింది. సమన్వయ రసాయన శాస్త్రానికి పునాది వేసిన ఆల్ఫ్రెడ్ వెర్నర్‌కు 1913లో నోబెల్ వచ్చింది. లోహ-సేంద్రియ చట్రాలను నిర్మించిన ముగ్గురికి 2025లో అదే బహుమతి దక్కింది. ఈ రంగం ముగిసిపోయిన పాఠం కాదని చెప్పడానికి అంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఈ పరిశోధన చాలాచోట్ల సాగుతోంది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో బోయపాటి మనోరంజన్ చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం పొరల హైడ్రాక్సైడ్ మీద నానో పల్లాడియాన్ని నిలిపి, సాధారణంగా మొండికేసే క్లోరోఎరీన్‌లతో, కార్బన్-కార్బన్ బంధాలను కలిపే హెక్, సుజుకి చర్యలు జరిపించింది. ఆ ఫలితం 2002లో వెలువడింది. ఐఐసీటీలో పీహెచ్‌డీ పట్టా అకాడమీ ఆఫ్ సైంటిఫిక్ అండ్ ఇన్నోవేటివ్ రీసెర్చ్ (ఏసీఎస్ఐఆర్) ద్వారా వస్తుంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) హైదరాబాద్ కేంద్రానికి సంచాలకులుగా పనిచేసిన వాడపల్లి చంద్రశేఖర్ టిన్-ఆక్సిజన్ పంజరాల మీద, ఒక్కొక్క అణువే అయస్కాంతంలా ప్రవర్తించే సమ్మేళనాల మీద పనిచేశారు. 1974లో స్థాపించిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్, ఉస్మానియా, వరంగల్ ఎన్ఐటీ కూడా పరిశీలించదగ్గవే.

ఈ రంగంలో విశ్వవిద్యాలయం పేరు కన్నా ప్రయోగశాల సదుపాయాలు ముఖ్యం. చాలా కర్బన లోహ సమ్మేళనాలు గాలి తగిలితే పాడైపోతాయి. అందుకే ష్లెంక్ లైన్, గ్లవ్ బాక్స్ కావాలి. ద్రావణిని ఆరబెట్టే పనే ఒక పరీక్ష: టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో సోడియం ముక్కలు, కాస్త బెంజోఫినోన్ వేసి నైట్రోజన్ వాతావరణంలో మరిగిస్తారు. ముదురు నీలం రంగు వచ్చి నిలిస్తేనే తేమ, ఆక్సిజన్ పోయినట్టు. ఆ తర్వాత మంచి స్ఫటికం కోసం ఎదురుచూపు. ఏక స్ఫటిక ఎక్స్-రే వివర్తనంతో అణువు ఆకారం తేలితే గానీ చాలా సందర్భాల్లో పరిశోధన పత్రం పూర్తికాదు. కాబట్టి దరఖాస్తుకు ముందు గైడ్ ఇటీవల ప్రచురించిన పత్రాలు చదివి, ఆ పరికరాలు అక్కడే ఉన్నాయో లేదో తెలుసుకోవడం మంచిది.

పీహెచ్‌డీ ప్రవేశానికి సాధారణంగా పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ తదితర వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. ఫెలోషిప్‌కు ప్రధాన మార్గం సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. రసాయన శాస్త్రాల పేపరు 200 మార్కులకు, మూడు గంటలు ఉంటుంది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే నెలకు రూ.37,000, సీనియర్ రీసెర్చ్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్)గా మారాక రూ.42,000 అందుతాయి, ఈ రేట్లు 2023 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చేసినవాళ్లు విషయంలో గట్టివాళ్లైనా ప్రశ్న చదవడంలోనే సమయం కోల్పోతారు, ఇది న్యాయం కాదు. తండాలు, గూడేల నుంచి వచ్చే గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తోంది. మండలంలో ఈ సంగతి తెలియాల్సినంతగా తెలియదేమో అనిపిస్తుంది.

పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు. తర్వాత అధ్యాపక వృత్తి, విదేశాల్లో పోస్ట్‌డాక్ కాకుండా హైదరాబాద్ ఔషధ పరిశ్రమ కూడా వీరిని తీసుకుంటుంది. మందుల తయారీలో పల్లాడియం ఉత్ప్రేరకాల వాడకం ఎక్కువ. నోటి ద్వారా తీసుకునే మందుల్లో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చర్య ముగిశాక మిగిలిన లోహాన్ని ఆ మేరకు తొలగించే పద్ధతులు కనిపెట్టడం కూడా ఈ రంగం నిపుణుల పనే.