కిన్నెర రికార్డుకెక్కిన నాడు

2021 సెప్టెంబర్ 2న ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట విడుదలైంది. హీరో పవన్ కల్యాణ్ పుట్టినరోజు కావడంతో రెండు రాష్ట్రాల అభిమానులూ దానికోసం కాచుకుని ఉన్నారు. పాలమూరోళ్లం మాత్రం పాట మొదలవగానే హీరో సంగతే మరిచిపోయాం. కిన్నెర పట్టుకుని మా దర్శనం మొగులయ్య పాడుతున్నాడు! నాగర్‌కర్నూలు చాయ్ హోటళ్లలో ఎవరి ఫోన్ చూసినా అదే పాట. ఆయన గొంతు ఆగగానే మళ్లీ మొదటికి తిప్పి వినేవాళ్లం.

సంగీతం తమన్‌ది, సాహిత్యం రామజోగయ్య శాస్త్రిది. అయితే పాట ఎత్తుగడలో మొగులయ్య చేసే పని చూడండి. కథానాయకుడు పుట్టిన నల్లమల గడ్డ చెప్తాడు. తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు వరుసగా చెప్తాడు. ఆ తర్వాతే అసలు మనిషి పేరు ఎత్తుతాడు. సినిమాకు అది కొత్త. మొగులయ్య పుట్టిన డక్కలి కులం వాళ్లకు తరతరాల వృత్తి. మాదిగల వంశాలు చెప్పడం, వాళ్ల కులపురాణమైన జాంబపురాణం వినిపించడం, ఇచ్చింది తీసుకుని ఇంకో ఊరికి సాగిపోవడం, అదే వాళ్ల బతుకు. ఎవరి పుట్టుక పాడి పొట్ట పోసుకున్నారో వాళ్లు కూడా డక్కలోళ్లను దూరంగానే ఉంచారు. అంటరాని వాడకు కూడా అవతల బతికిన మనుషుల విద్య అది. ఆ విద్యే రికార్డు మీదికి వచ్చి లక్షల మంది చెవిన పడింది. నా దృష్టిలో ఆ పాటలో చరిత్ర ఏదన్నా ఉందంటే ఇదే.

కిన్నెరను దగ్గర నుంచి చూడాలి. పొడుగాటి వెదురు బొంగు, దాని కింద ఎండబెట్టిన మూడు సొరకాయ బుర్రలు. బొంగు మీద వరుసగా మెట్లు, వాటిని నిలబెట్టేది తేనెమైనం. వెనకట మెట్లకు అలుగు పొలుసులు, తీగెలకు నరాలు, వెంట్రుకలు వాడేవారట. ఇప్పుడు స్టీలు తీగెలు వచ్చాయి. మొగులయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. తాతముత్తాతల నుంచి చేతికి వచ్చింది. కరెంటు, మైకు అక్కర్లేదు, పక్క వాయిద్యం అక్కర్లేదు. ఒక మనిషి, ఒక గొంతు, మూడు బుర్రలు ఉంటే రచ్చబండ కాడ కథ నడిచిపోతుంది.

మొగులయ్య చెప్పే అసలు కథ పండుగ సాయన్నది. నిజాం కాలంలో ఉన్నోళ్ల ధాన్యం దోచి లేనోళ్లకు పంచిన పాలమూరు వీరుడు సాయన్న. అవుసలికుంట ఊరి మొగులయ్య ఆ కథ, మియాసాబ్ కథ చెప్తూ జిల్లా అంతా తిరిగాడు. జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు ఈ కళను పట్టించుకుని వెలుగులోకి తెచ్చారు. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వం ఇంటి జాగా, కోటి రూపాయలు ఇస్తామని చెప్పింది. మా జిల్లాలో పండుగ లాగే ఉండింది.

2024లో అదే మనిషి హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో కూలిపని చేస్తూ కనిపించాడు. ఆ దృశ్యం చూసి దేశం ఆశ్చర్యపోయింది. మాకు ఆశ్చర్యం కన్నా బాధ ఎక్కువైంది. పాలమూరు లేబర్ అన్న మాట మాకు తెలియంది కాదు. దేశంలోని ప్రాజెక్టులకు మట్టి మోసింది మా వాళ్లే. ఆ బాటే కళాకారుడికీ తప్పలేదు. సన్మానం రోజు కప్పిన శాలువా నెల తిరిగేసరికి ఏ ఇంటి పొయ్యీ వెలిగించదు. కళాకారుడికి నెలనెలా చేతికందే బత్తెం కావాలి, అది ఆగకుండా రావాలి.

ఇంకొకటి కూడా కావాలి. సినిమా పాటలో కిన్నెరకు దక్కింది ఎత్తుగడ మాత్రమే. కాసేపట్లో డప్పులు, కోరస్ వచ్చి దాన్ని కప్పేస్తాయి. సాయన్న కథ మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో చెప్పే వచనంతో సహా, పన్నెండు మెట్లూ వినపడేలా మంచి మైకులు పెట్టి రికార్డు చెయ్యాలి. పక్కన పిల్లలు కూర్చుని వేళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చూసి నేర్చుకోవాలి. ఆ రికార్డు విడుదల హైదరాబాద్ హాల్లో వద్దు, నాగర్‌కర్నూలులోనే జరగాలి. ముందు వరసలో డక్కలి కుటుంబాలు కూర్చోవాలి. మేం వెనక నిలబడి వింటాం.