హార్మోనియం (రాక్ బృందం)

హార్మోనియం 1970లలో కెనడాలోని కెబెక్‌లో ఫ్రెంచిలో పాడిన ప్రోగ్రెసివ్ రాక్ బృందం. పేరు వినగానే కోలారు జిల్లా పల్లెల్లో పౌరాణిక నాటకాలు ఆడించే హార్మోనియం మేష్టారు గుర్తుకొస్తే తప్పు లేదు. ఆ వాద్యానికి 1842లో పేటెంటు తీసుకున్నది పారిస్ వాడే.

1972లో మాంట్రియల్‌లో సెర్జ్ ఫియోరి, మిషెల్ నార్మాందో గిటార్లతో మొదలుపెట్టారు. బేస్ గిటారిస్టు లూయీ వలువా తర్వాత చేరాడు. 1974 నాటి తొలి ఆల్బం రాక్ కంటే జానపదానికే దగ్గర. అప్పట్లో కెబెక్‌లో జనం మాట ఫ్రెంచి, పెద్ద కంపెనీల మాట ఇంగ్లీషు. కోలారు బంగారు గనుల్లో జాన్ టేలర్ కంపెనీ కాలం ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు: దొరలది ఇంగ్లీషు, గనిలోకి దిగేవారిది తమిళం, తెలుగు, కన్నడం. ఈ తేడా మీద ఫియోరి నినాదాలు రాయలేదు. తన ఊరి ఫ్రెంచిలో తన మనసులోని గుబులు పాడుకున్నాడు, జనానికి అదే సరిపోయింది.

1975లో కీబోర్డులకు సెర్జ్ లొకా, పిల్లనగ్రోవి, క్లారినెట్, శాక్సఫోన్‌లకు పియేర్ దేన్యో వచ్చారు. ఆ ఏటి రెండో ఆల్బంలో ఐదే పాటలు. నాలుగు ఋతువులకు నాలుగు, లేని ఐదో ఋతువుకు పదిహేడు నిమిషాల కల్పన. అందులో గాయని జూడీ రిషార్ గొంతు మాటల్లేకుండా ఆలాపనగానే సాగుతుంది. ఆల్బం మొత్తంలో డ్రమ్ములు లేవు. రాక్‌లో ఇది వింతే. బృందం పని ఇక్కడే పండిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1976 నవంబరులో జంట ఆల్బం 'లెప్తాద్' వచ్చింది. అదే నెలలో, కెబెక్ స్వాతంత్ర్యం కోరే పార్టీ కెబెక్వా అక్కడి ఎన్నికల్లో గెలిచింది. ఒక మనిషి చైతన్యంలోని ఏడు మెట్లు ఆ ఆల్బం వస్తువు. డ్రమ్ములు చేరాయి, నీల్ చోటెమ్ కూర్చిన వాద్యబృంద సంగీతం చేరింది. కొద్ది వాద్యాల ఇల్లు సంతలా మారింది. ఆల్బం తయారవుతుండగానే నార్మాందో తప్పుకున్నాడు.

బయటి దేశాల్లో కచేరీలు జరిగాయి, 1978లో కాలిఫోర్నియాకూ వెళ్లారు. కానీ వేదిక అంటే ఫియోరికి భయం. అదే ఏడాది గాయకుడు రిషార్ సెగాన్‌తో కలిసి ఒక ఆల్బం చేశాడు, బృందం విడిపోయింది. 1977 పర్యటనలో రికార్డు చేసిన కచేరీ 1980లో విడుదలయ్యేసరికి వాయించిన బృందమే లేదు.

2020లో మాంట్రియల్ సింఫనీ ఆర్కెస్ట్రా ఈ పాటలను మళ్లీ రికార్డు చేసింది. ఫియోరి 2025 జూన్ 24న, కెబెక్ జాతీయ పండుగ రోజున, 73 ఏళ్ల వయసులో మరణించాడు.