నేల కింద నేల

గోదావరిఖనిలో పాత స్నానాలగదిని కొత్తగా చేయించాలంటే మొదటి పని నేల పగలగొట్టడం. పైన టైలు, దాని కింద రెండు మూడు అంగుళాల సిమెంటు మాలు, ఆ కింద ఇటుక ముక్కల నింపుడు, అన్నిటికీ అడుగున మొరమో స్లాబో వరసగా బయటపడతాయి. ఈ పొరలను పట్టి ఉంచిన మాలు చరిత్ర తవ్వితే సున్నపురాయి, దాన్ని కాల్చిన నిప్పు కనిపిస్తాయి.

సిమెంటు రాకముందు మన పెద్ద కట్టడాలకు సున్నమే ఆధారం. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుక కలిపి ఎద్దుల గానుగలో నూరేవాళ్లు. తడి తగిలే చోట ఇటుక పొడి వేసేవాళ్లు. కరక్కాయ నీళ్లు, బెల్లం కలపడమూ ఉండేది. 1591 నాటి చార్మినార్ రాళ్లను పట్టి నిలిపింది సున్నమే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ అది నెమ్మదిగా మళ్లీ రాయిగా మారుతుంది.

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. సున్నపురాయికి బంకమట్టి కలిపి కాల్చడం అందులోని కీలకం. ఈనాటి సిమెంటు కొలిమిలో వేడి 1450 డిగ్రీల దాకా వెళ్తుంది. సిమెంటు నీటితో కలిసి గంటల్లోనే బిగుస్తుంది. 1960ల్లో గోదావరిఖనిలో బొగ్గుబాయిలు పెరిగేనాటికి ఇళ్ల పనుల్లో సిమెంటుదే పైచేయి. గోదావరి అవతల మంచిర్యాలలో, ఇవతల బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. సింగరేణి బొగ్గు కరెంటు కేంద్రాలతో పాటు సిమెంటు కొలుములకూ వెళ్తుంది. బాయి దిగిన కార్మికుల కష్టం అలా ఎన్నో ఇళ్ల నేలల్లో కలిసింది.

పైపొర కథ వేరు. నిజాం రాజ్యంలోని షాబాదు, తాండూరు బండలు ఎన్నో ఇళ్లలో పరుచుకున్నాయి. అవీ సున్నపురాయి బండలే. ఆ తర్వాత గుజరాత్‌లోని మోర్బీ వంటి చోట్ల తయారైన సిరామిక్ టైల్స్ వచ్చాయి.

పగలగొట్టేటప్పుడు తేడా తెలుస్తుంది. సున్నపు మాలు బండకంటే మెత్తన, అందుకే ఓపిగ్గా లేపితే బండ నిండుగా వస్తుంది, మళ్లీ వాకిట్లో పరుచుకోవచ్చు. సిమెంటు మాలు పట్టు గట్టిది, టైలు పల్చన, కాబట్టి టైలే ముక్కలవుతుంది. బండ బాగుంటే పారేయకండి. ఇటుక ముక్కలు, మాలు పెళ్లలు గుంతల నింపుడుకు పనికొస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, సిమెంటు మాలులోని ఇసుక పొడి అయితే లేచే సిలికా దుమ్ము. అది ఊపిరితిత్తుల్లో చేరితే జీవితాంతం బాధపెడుతుంది. బాయిలో దుమ్ము అణచడానికి నీళ్లు చల్లడం ఈ ఊరికి తెలిసిన పని. స్నానాలగదిలోనూ అదే చేయాలి. ముందు నేల తడపాలి, పనివాళ్లకు దుమ్మును ఆపే మంచి మాస్కు ఇవ్వాలి, ఆ ఖర్చు ఇంటివాళ్లే పెట్టుకోవాలి.